ఎడమచేతికి తగిలింది

“...అంటే నేను అబద్ధం చెప్తున్నాననా? పొద్దున గిన్నె అడుగుదాకా నాకి మెరిపించింది. ఈ కళ్ళతో చూశాను.”

“చూస్తారు, చూస్తారు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చూస్తారు. అది నాకింది నేను పెట్టిన గిన్నె.”

“నువ్వెప్పుడు పెట్టావు?”

“మీరు స్నానానికి వెళ్ళినప్పుడు.”

“దానికి పెట్టాకే కదా నేను స్నానానికి వెళ్ళింది!”

ముందుగదిలోంచి మళ్ళీ ఆయన గొంతే, ఈసారి బాగా తగ్గి వినిపించింది. “రాత్రి చేపముక్క కూడా నువ్వు పెట్టలేదు కదా?”

“అయ్యో, మీరూ పెట్టారా?”

లోపలిగదిలో చేతులు తుడుచుకుంటున్న డాక్టరమ్మ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడి వింది. తలుపు బెత్తెడు తెరిచి ఉంచడం ఆమె ఎప్పటినుంచో పెట్టుకున్న పద్ధతి. కుక్కనో పిల్లినో తెచ్చినవాళ్ళు బల్ల ముందుకొచ్చేసరికి మాటలు సర్దుకుంటారు. బాగానే తింటోందండీ అంటారు, లేదంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదండీ అంటారు. నిజం మాత్రం ముందుగది బెంచీ మీదే, ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కుంటూ చెప్పేసుకుంటారు. అందుకని బయట ఎంతమంది కాచుకుని ఉన్నా, ఒక్కొక్కళ్ళనీ పిలిచేముందు ఆమె ఆ సందు దగ్గర కాస్త ఆగుతుంది.

“పూటకి రెండు భోజనాలన్నమాట,” అంది వెనకనుంచి ఆడపడుచు. “అయినా ఆ బుట్ట చూడు వదినా, ఆయన చిటికెనవేలికి తగిలించుకుని తెచ్చాడు. లోపల పిల్లి ఉందో, పిల్లి ఫోటో ఉందో.”

“రమ్మను,” అంది డాక్టరమ్మ.

“ముందు ఆ కోటు గుండీలు పెట్టుకో. ఈమధ్య మరీ బద్ధకం ఎక్కువైంది నీకు. మా అన్నయ్య చూస్తే, పెళ్ళినాటి పిల్ల ఎక్కడికి పోయిందని వెతుక్కుంటాడు.”

“మీ అన్నయ్యకి కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికే రోజు చాలదు. నువ్వు రమ్మను.”

గుండీలు పెట్టుకోకపోవడం బద్ధకం వల్ల కాదు. ఆ సంగతి డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలం చివర్లో మొదలైంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి కొసలకీ ఎవరో మైనం పూసినట్టు ఉండేది. నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. విదిలించి పడుకుంటే తెల్లారేసరికి సర్దుకునేది. తరవాత తరవాత సర్దుకోవడం మానేసింది. పన్ను నొప్పని ఇంట్లో చెప్పి ఒకసారి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కంప్యూటరు వైపు చూస్తూ నాలుగు ప్రశ్నలడిగి, మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, పని తగ్గించండి, తగ్గకపోతే చిన్న ఆపరేషను చేద్దాం అన్నాడు. ఒక్కసారి కూడా చెయ్యి పట్టుకుని చూడలేదు. ఆమెకి జబ్బు కంటే దానికే ఎక్కువ ఒళ్ళు మండింది. ముట్టుకోకుండా చెప్పినమాట మాటే కాదనుకుని వచ్చేసింది.

ముట్టుకోవడమే ఆమె వైద్యమంతా. ఆ చుట్టుపక్కల ఇంకా రెండు ఆస్పత్రులున్నాయి. వాటిలో మెషిన్లు ఎక్కువ, ఏసీలు ఉన్నాయి, బెంచీలకు బదులు సోఫాలున్నాయి. అయినా జనం ఈ మెట్లెక్కి, ఈ చెక్కబెంచీ మీద గంటలకొద్దీ కూచునేది ఒకే మాట అనుకుని. డాక్టరమ్మ హస్తవాసి మంచిది. ఆవిడ చెయ్యి వేసి చూసిందంటే చూసినట్టే. ఏమీ లేదందంటే ఏమీ లేనట్టే.

ఆ మాట విని మురిసే వయసు ఆమెకి దాటిపోయింది. అరవై దగ్గరపడింది. ఇన్నేళ్ళుగా ఒకే ఎత్తు బల్లమీదికి వంగి వంగి నడుం ఒకవైపుకి ఒరిగింది. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల పట్టీలు గుచ్చుకునేవి. రోజూ రాత్రి పడుకోబోయేముందు ఇంక మానెయ్యాలనుకునేది. మానెయ్యాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

బుట్ట పట్టుకుని ముందు పోస్టుమాస్టరుగారు వచ్చారు, వెనక ఆయన భార్య. పోస్టుమాస్టరు ఉద్యోగం వదిలి చాలా కాలమైనా ఆయన్ని ఎవరూ ఇంకో పేరుతో పిలవరు. పిల్లి పేరు సూపర్నెంటు. తపాలా సూపరింటెండెంటులా ఇంట్లో ప్రతి అరా తెరిపించి తనిఖీ చేస్తుందని ఆయనే పెట్టారట.

“ఏమీ తినడం లేదమ్మా,” అన్నారు పోస్టుమాస్టరు.

“బాగానే తింటోంది,” అంది భార్య అదే క్షణంలో.

“విన్నాను,” అంది డాక్టరమ్మ. ఇద్దరూ తలుపు వైపు చూసి, తలలు దించుకున్నారు.

బుట్ట మూత తీసి డాక్టరమ్మ వెనక్కి జరిగి గోడకి ఆనుకుని నిలబడింది. ముందు చెయ్యి వెయ్యదు. జంతువు తనంతట తాను బయటికి వచ్చేదాకా దూరంనుంచి చూస్తుంది. సూపర్నెంటు రెండు కాళ్ళు బుట్ట అంచుమీద పెట్టి గదంతా కలయజూసి, బల్లమీదికి దిగింది. నడకలో కుంటు లేదు. డొక్కలు మాత్రం ఊపిరికి గబగబా ఎగిరిపడుతున్నాయి. వెన్నుపూస బొచ్చుమీదనుంచే లెక్కపెట్టేలా ఉంది. ఆ బొచ్చు కూడా నూనె కారినట్టు పాయలు పాయలుగా అతుక్కుపోయి ఉంది. ఒంటిని నాక్కుని శుభ్రం చేసుకోవడం మానేసిందన్నమాట. కళ్ళు మాత్రం, ఎవరో వెనక తరుముతున్నట్టు పెద్దవై వెలుగుతున్నాయి.

“రా నాయనా, ఆఫీసరుగారూ,” అంటూ ఆడపడుచు పిల్లిని రెండు మోచేతుల మధ్యా ఇముడ్చుకుంది. నాలుగు రోజులుండి పోతానని పెట్టె పట్టుకుని వచ్చిన మనిషి. వచ్చిన మర్నాడు ఎవరో పెద్ద కుక్కని పట్టుకోలేక అవస్థ పడుతుంటే కొంగు బిగించి వెళ్ళి పట్టుకుంది. ఆ పట్టు మళ్ళీ వదల్లేదు. ఎంత కోపిష్టి పిల్లయినా ఆమె చంకలో రెండు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. మనుషులకే ఆ అదృష్టం లేదని డాక్టరమ్మ అంటుంది.

డాక్టరమ్మ తల నుంచి మొదలుపెట్టింది. తల నుంచి తోక దాకా, వరస తప్పకుండా, వెనక్కి పోకుండా. కంటి కింద రెప్ప లాగి లోపలి రంగు చూసింది. చెవి మడత విప్పి వాసన చూసింది. పెదవి ఎత్తి చిగురుమీద బొటనవేలితో నొక్కి వదిలింది. తెల్లబడ్డ చోటికి గులాబీరంగు వెంటనే పరుగెత్తుకొచ్చింది. నోరు తెరిచి, దవడ కిందనుంచి వేలు పైకి నొక్కి, నాలుక ఎత్తి కింద చూసింది. పిల్లులు దారం మింగితే అక్కడ చుట్టుకుని ఉంటుంది. చాలామంది అక్కడ చూడరు. దవడ కింది గ్రంథులు తడిమింది. తల కొంచెం పైకెత్తించి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గొంతుగొట్టానికి చెరోవైపు పెట్టి, పైనుంచి ఛాతీ మొదటిదాకా నెమ్మదిగా జార్చింది. ఏమీ తగల్లేదు.

స్టెతస్కోపు పెట్టేసరికి సూపర్నెంటు గురగురలాడ్డం మొదలుపెట్టింది. పిల్లులు సంతోషానికే కాదు, భయానికీ గురగురలాడతాయి. గుండె చప్పుడు ఆ మోతలో కలిసిపోతుంది. ఆడపడుచు చెప్పకుండానే మోచేత్తో కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడుకి పిల్లి చెవులు అటు తిరిగాయి, గురగుర ఆగింది. ఆ ఆగిన కాసేపట్లో డాక్టరమ్మ గుండె విని, ఎడమచెయ్యి తొడ లోపలివైపు పెట్టి నాడి చూసింది. రెండూ ఒక్క అడుగే వేస్తున్నాయి, కానీ ఆ అడుగు పరుగు. లెక్కకి అందనంత పరుగు.

డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలోకి వదిలింది. రెండు భోజనాలు తిని చిక్కిపోయే ముసలిపిల్లి, తరుముతున్నట్టున్న కళ్ళు, పరుగెత్తే గుండె. ఇన్ని ఒకచోట కలిస్తే గొంతులో ఏముండాలో ఆమెకి బాగా తెలుసు. కానీ గొంతు చూసేసింది. అక్కడేమీ లేదు.

వరసలో వెనక్కి పోవడం ఆమెకి అలవాటు లేదు. మళ్ళీ గొంతు దగ్గరికి వెళ్ళింది. తల ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి జార్చింది. ఏమీ లేదు.

“ఏమైనా ఉందా అమ్మా?” అన్నారు పోస్టుమాస్టరు.

ఆమె పిల్లికి అవతలి పక్కకి వెళ్ళి నిలబడింది. ఆడపడుచు వింతగా చూసింది. ఆ పక్కన ఆమె ఎప్పుడూ నిలబడదు. ఎడమచేతి వేళ్ళు గొంతుకి చెరోవైపు పెట్టి జార్చింది. సగం దారిలో చూపుడువేలి కింద ఏదో తగిలి, తడిసిన గింజలా పక్కకి తప్పుకుంది. మళ్ళీ జార్చింది. మళ్ళీ తగిలి మళ్ళీ తప్పుకుంది. పెసరగింజ కంటే కాస్త పెద్దది.

ఎడమవేలు అక్కడే ఆనించి ఉంచి, దాని పక్కనే కుడిచేతి చూపుడువేలు పెట్టింది. ఎడమవేలు తీసేసింది. కుడివేలి కింద ఏమీ లేదు. అక్కడుందని తెలిసి కూడా, ఏమీ లేదు.

“వదినా?” అంది ఆడపడుచు.

“పట్టుకో, వదలకు,” అంది డాక్టరమ్మ. కడుపు, వెన్ను, కాళ్ళు, గోళ్ళు, తోక, చివరికి జ్వరం. మిగతాదంతా ఎడమచేత్తోనే చూసింది. మామూలుగా పట్టే సమయానికి రెండింతలు పట్టింది. మూత్రపిండాలు ఒకటొకటిగా దొరకబుచ్చుకునేసరికి ఆమె నుదురు చెమటపట్టింది.

అయ్యాక, గొంతులో ఓ గ్రంథి పెసరగింజంత పెరిగిందనీ, తిన్నదాన్నంతా అదే కాల్చేస్తోందనీ, రక్తం తీసి రూఢి చేసుకుంటామనీ, రోజూ మందు వేస్తే లొంగుతుందనీ భార్యాభర్తలకి చెప్పింది.

“అంటే ఎవరు పెట్టినా ఒంటికి పట్టదన్నమాట,” అన్నారు పోస్టుమాస్టరు, పెద్ద బరువు దిగినట్టు.

“మరి నన్ను పట్టుకుని ఇంతసేపు ఎందుకు సాధించారు?” అంది భార్య.

పిల్లి రక్తం తీశాక వాళ్ళు పోట్లాడుకుంటూనే వెళ్ళారు. డాక్టరమ్మ తలుపు మూసి స్టూలుమీద కూలబడింది. బెత్తెడు సందు వదలకుండా పూర్తిగా మూసింది.

“టీ పెట్టనా?” అంది ఆడపడుచు. అడుగుతూనే దగ్గరికొచ్చి, వదిన ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని పైకెత్తి చూసింది. తరవాత కోటు గుండీల వైపు చూసింది. ఏమనుకుందో, కిందనుంచి ఒక్కొక్కటే తనే పెట్టడం మొదలుపెట్టింది. “ఎన్నాళ్ళనుంచి?”

“ఎండలు తగ్గే ముందునుంచి.”

“నేను బద్ధకమనుకున్నాను.”

“అది కూడా ఉంది.”

ఆడపడుచు నవ్వకుండా పైగుండీ కూడా పెట్టేసింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకుంటే జంతువులే కనిపించాయి. మనుషుల మొహాలు ఆమెకి గుర్తుండవు గానీ, చెయ్యి వేసిన ప్రతి ఒళ్ళూ గుర్తుంటుంది. ఈ నాలుగైదు నెలల్లో కుడిచెయ్యి ఎవరెవరి మీద పడింది, ఎక్కడెక్కడ లేదు లేదంటూ జారిపోయింది? వేటగాడిలాంటి ఆ పొడుగుకాళ్ళ కుక్క మోకాలి వెనక. మిఠాయి దుకాణం పిల్లి కడుపులో. చుక్క.

చుక్క దగ్గర ఆగిపోయింది.

చుక్క వీధి మలుపులో మంగలి దుకాణం కుక్క. నుదుటిమీద తెల్లమచ్చ ఉన్న ముసలి ఆడకుక్క. వానల్లో టీకా వేయించడానికి తెచ్చాడు. టీకాకి వచ్చినా సరే, తల నుంచి తోక దాకా చూడనిదే ఆమె సూది ముట్టుకోదు. చుక్కని పక్కకి తిప్పి పడుకోబెట్టి, రొమ్ముల వరస మొత్తం తడిమింది. దగ్గరి వరస ఎడమచేత్తో, అవతలి వరస కుడిచేత్తో. బల్ల ముందు నిలబడే తీరువల్ల ఎప్పుడూ అంతే. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించని ముసలి ఆడకుక్క అది, ముఖ్యంగా తడమాల్సిందే ఆ వరసలు. శుభ్రంగా ఉందయ్యా, నీకంటే గట్టిగా ఉంది అంది. మంగలి నవ్వుకుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం ముందుగది ఖాళీ కాగానే ఆమె చెప్పులేసుకుంది.

“ఎండలో ఎక్కడికి?” అంది ఆడపడుచు.

“వస్తాను.”

“నేనూ వస్తాను. కుక్కనో పిల్లినో పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.”

డాక్టరమ్మ వీధి మలుపు వైపు నడిచింది, ఆడపడుచు వెనకే వచ్చింది.

మంగలి దుకాణంలో అద్దాలకి ఎదురుగా రెండు కుర్చీలు, ఒకదాంట్లో సబ్బునురగతో ఎవరో కళ్ళు మూసుకుని ఉన్నాడు. కింద నేలమీద, ఫ్యాను గాలి తగిలే చోట చూసుకుని చుక్క పడుకుంది. డాక్టరమ్మని చూడగానే తోక ఒకసారి నేలకి కొట్టి, సూది గుర్తొచ్చినట్టు కుర్చీ వెనక్కి జరిగింది.

“అరే, డాక్టరమ్మా, మీరే వచ్చారేం? చెప్పంపితే తెచ్చేవాణ్ణిగా!” మంగలి కత్తి తుడిచి కింద పెట్టాడు.

“ఒక్కసారి చూసి పోదామని.”

“మొన్న చూశారుగా.”

“మళ్ళీ చూస్తాను.”

ఆడపడుచు నేలమీద చతికిలబడి చుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. “నీ యజమాని నీకు క్రాపింగు చేయడేం? మాసిపోయావు,” అంటూ చెవుల వెనక గోకింది. చుక్క కాలు గాల్లోకి ఎత్తి వెల్లకిలా పడింది. డాక్టరమ్మ మోకాళ్ళు కిర్రుమనేలా కిందికి వంగి, ఈసారి అవతలి వరస మీద ఎడమచెయ్యి వేసింది. పైనుంచి ఒక్కొక్క రొమ్మే వేళ్ళమధ్య తీసుకుని, చర్మాన్ని కిందున్నదాని మీద జరిపి జరిపి చూసింది. కిందనుంచి రెండోదాంట్లో ఉంది. సెనగగింజంత, గట్టిగా, ఎగుడుదిగుడుగా. వెతకనక్కర్లేకుండానే దొరికింది.

“ఉందా?” అన్నాడు మంగలి.

ఆ మాట అడిగిన తీరుకి డాక్టరమ్మ తలెత్తింది. “నీకు తెలుసా?”

“నాకెక్కడ తెలుస్తుందమ్మా. మా పాప చెప్పింది. పోయినవారం స్నానం చేయిస్తూ, నాన్నా ఇక్కడేదో గింజలా ఉందీ అంది. నేనే కసురుకున్నాను. డాక్టరమ్మ చెయ్యి వేసి చూసి ఏమీ లేదంటే, నువ్వు మొనగత్తెవా అన్నాను. ఏడుస్తూ పోయింది.”

కుర్చీలో మనిషి కళ్ళు తెరిచి, సబ్బునురగలోంచి వీళ్ళని చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. డాక్టరమ్మ లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుంది. కుడిచేత్తోనే పట్టుకుంది, అది పట్టు తెలియక జారింది. ఆడపడుచు రెండో చంక కింద చెయ్యేసి లేపింది.

“సాయంత్రం తీసుకురా,” అంది డాక్టరమ్మ. “కోసి తీసెయ్యాలి. చిన్నదిగానే ఉంది. కసురుకున్నావుగా, పాపతో చెప్పు, తను చెప్పిందే నిజమని.”

“మీరప్పుడు చూసినప్పుడు లేదేమోనమ్మా. తరవాత వచ్చిందేమో.”

ఆ మాటలో వంకర లేదు. ఆమెకోసమే అతను వెతికిపెట్టిన సాకు అది. దుకాణం దాటి చాలాదూరం వచ్చాక కూడా ఆమె చెవిలో అదే తిరిగింది.

ఆస్పత్రిలో ఇంకో డాక్టరున్నాడు. ఏడాది కిందట చేరాడు. పొడుగ్గా, వంగిన మెడతో ఉంటాడు. అందరూ చిన్న డాక్టరంటారు. ఆపరేషన్లు చేసేదీ, వెనకగదిలో స్కానింగు చూసేదీ అతనే. మొదట్లో జంతువు గుమ్మం దాటకుండానే రక్తం తీద్దామా అనేవాడు. డాక్టరమ్మ అతన్ని తన పక్కన నిలబెట్టుకుని, తన చెయ్యి పడ్డ చోటల్లా అతని చెయ్యీ పడేలా చేసింది. ముందు ఏ పిల్లి కడుపు చూడమన్నా, మెత్తగా ఉంది మేడం అనేవాడు. పిల్లి కడుపు మెత్తగా కాక ఇటుకలా ఉంటుందా అని ఆడపడుచు ఆటపట్టించేది. ఇప్పుడతను కళ్ళు మూసుకుని తడుముతాడు. పేగు, మూత్రపిండం, మూత్రాశయం, ఒక్కొక్కటీ వేళ్ళమధ్యనుంచి జారిపోతుంటే పెదవులు కదుపుతూ పేర్లు పెట్టుకుంటాడు. అతనికి అది ఒంటబట్టిందని డాక్టరమ్మకి తెలుసు. అతనికింకా తెలియదు.

సాయంత్రం చుక్క వచ్చింది. వెంట మంగలి కూతురు కూడా వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది. డాక్టరమ్మ ఆ పిల్లని లోపలికి పిలిచి, నీకు ఎక్కడ తగిలిందో చూపించమంది. ఆ పిల్ల చూపించింది. చిన్న డాక్టరు రెండు వరసలూ తడిమి, మోకాళ్ళ వెనకా గజ్జల్లోనూ గ్రంథులు చూసి, స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తులు విన్నాడు.

“ఇదొక్కటే మేడం. గ్రంథులకి పాకలేదు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీసి రేపే చేసేద్దాం. తొందరగా వచ్చారు.”

మంగలీ కూతురూ కుక్కని తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాక, డాక్టరమ్మ జరిగినదంతా చెప్పింది. వేళ్ళ సంగతి, పన్ను నొప్పి అబద్ధం, సూపర్నెంటు గొంతు. కుడిచెయ్యి అతని ముందు చాపింది. చిన్న డాక్టరు ఆ చేతిని పట్టుకుని, బొటనవేలి మొదట్లో కండ నొక్కి, తన అరచేతి పక్కన పెట్టి పోల్చి చూశాడు. ఆ కండ పల్చబడి గుంటపడింది. మణికట్టు మీద వేలితో తట్టాడు. కొసలదాకా కరెంటు పాకినట్టు ఆమె ఉలిక్కిపడింది. ఇన్ని నెలల్లో ఆ చేతిని పరీక్ష చేసిన మొదటి మనిషి అతనే.

“ఆపరేషను చేయిస్తే తగ్గుతుంది మేడం.”

“తగ్గొచ్చు. కండ కరిగేదాకా వచ్చాక స్పర్శ పూర్తిగా వస్తుందో రాదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

“చుక్కకి అప్పుడు లేదేమో.”

“నువ్వూ అదే మాటా?”

ఆడపడుచు కుళాయి దగ్గర నిలబడి, కడగనక్కర్లేని గిన్నెని కడుగుతోంది. “ఓ పని చేద్దాం వదినా,” అంది ఇటు తిరక్కుండా. “వానాకాలం పోయిందిగా, అందరికీ ఉచితంగా పరీక్ష చేస్తున్నామని చెప్దాం. ఉచితమంటే పిల్లినే కాదు, మొగుణ్ణి కూడా చంకన పెట్టుకొస్తారు. వచ్చినవాటిని చిన్న డాక్టరు నెమ్మదిగా చూసుకుంటాడు. నీ మాట బయటికి రానక్కర్లేదు. నీ హస్తవాసి మీద బతుకుతున్న చోటు ఇది.”

“అదే మంచిది మేడం,” అన్నాడు చిన్న డాక్టరు. “మీరు పక్కన కూచోండి. అంతే.”

డాక్టరమ్మ స్టూలుమీద కూచుని వాళ్ళు చెప్పేది విన్నది. తేలికైన దారి. ఎవరికీ నష్టం లేదు, రావాల్సిన జంతువులన్నీ వస్తాయి కూడా. ఉచితమన్న మాట చెవిని పడనివాళ్ళవీ, పడినా మొన్నే డాక్టరమ్మ చెయ్యి వేసి చూసిందిలే అనుకునేవాళ్ళవీ తప్ప. ఆ పొడుగుకాళ్ళ కుక్క యజమాని అచ్చం అలాంటివాడు. ఆవిడ చూసింది, చాలు అంటాడు.

బయట బెంచీ మీద మాటలు వినిపిస్తున్నాయి. రక్తపరీక్ష సంగతి కనుక్కోవడానికి పోస్టుమాస్టరుగారు భార్యతో మళ్ళీ వచ్చారు. వాళ్ళిద్దరూ మంగలికి ధైర్యం చెబుతున్నారు.

“ఆవిడ చేతిలో పడ్డాక ఇంక భయమేంటయ్యా,” అంటోంది పోస్టుమాస్టరు భార్య. “మా సూపర్నెంటు గొంతులో పెసరగింజ, ఎలా పట్టేసిందో!”

“మూడుసార్లు చూసింది,” అన్నారు పోస్టుమాస్టరు.

“రెండుసార్లే.”

“మూడు. మూడోసారి ఇటుపక్కకి వచ్చి చూసింది. నువ్వు బుట్ట సర్దుకుంటున్నావు, నీకేం కనపడుతుంది?”

డాక్టరమ్మ లేచింది. నడుంమీద చెయ్యి పెట్టుకుని ఓసారి వెనక్కి విరుచుకుంది. ఆడపడుచు గిన్నె పట్టుకునే ఇటు తిరిగింది. “వదినా, వద్దు,” అంది.

డాక్టరమ్మ తలుపు గోడకి తగిలేదాకా తెరిచింది. బెంచీ మీదివాళ్ళందరూ మాటలాపి లేవబోయారు. కూచోమంది.

“నా కుడిచేతికి స్పర్శ పోయింది. కొన్ని నెలలైంది. చుక్క ఒంట్లో గడ్డ నేను చూసినప్పుడే ఉంది, నాకు తెలియలేదు. ఎండాకాలం చివరనుంచి నేను ఏమీ లేదని చెప్పి పంపిన ప్రతిదాన్నీ మళ్ళీ తీసుకురమ్మని, ఎందుకో కూడా చెప్పి, ఇంటింటికీ నేనే వెళ్ళి పిలుస్తాను. రేపటినుంచి ఇక్కడ చెయ్యి వేసి చూసేది చిన్న డాక్టరు.”